యాదయ్య ఎడమ చెవి

నా కుడి చెయ్యి ఒక మనిషి చెవిని చంపేసింది. ఎనిమిదేళ్లయింది. ఈ మాట నిన్నటిదాకా నా భార్యకు చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా సూటిగా చెప్పలేదు. నా పాపాలన్నీ క్షమించు ప్రభువా అని గంపగుత్తగా అడిగానే తప్ప ఆ చెవి మాట ఎత్తలేదు. అలా అడిగితే దేవుడికి తెలియదనుకున్నానా? ఆయనకు తెలుసు. నా నోట ఆ మాట నేను వినకూడదనే అలా అడిగాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను శంషాబాద్‌లో, విమానాశ్రయం పక్కనున్న ఒక సరుకుల గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్ని. మందుల పెట్టెలు, పూల డబ్బాలు, యంత్రాల సామాన్లు వచ్చేవి. విమానం ఎవరికోసమూ ఆగదు కాబట్టి మేమూ ఆగేవాళ్లం కాదు. వారానికి ఏడు రోజులూ పనే. మూడేళ్లు అలా గడిచాక ఒక ఆదివారం, డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, మందిరంలో నిలబడి పాడుతూ పాడుతూనే కిందపడిపోయాను. ముఖాన నీళ్లు చల్లాక పాస్టరుగారు ఒక్కటే అన్నారు. వారంలో ఒక రోజు దేవుడిది, దాన్ని ఆయనకు ఇచ్చెయ్యమన్నారు.

ఇచ్చేశాను. ఆ తర్వాతి వారం నుంచి ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా ఫోను ఆపి బీరువాలో పెట్టేవాణ్ని. వంట శనివారమే అయిపోవాలి. బజారు లేదు, టీవీ లేదు. మందిరం నుంచి వచ్చి పిల్లల పక్కన చాప మీద వాలితే సాయంత్రం దాకా లేచేవాణ్ని కాదు. అది నిజమైన సుఖం. కాదని అబద్ధమాడను. నా కోపం కూడా తగ్గిందని ఇంట్లో సంతోషపడ్డారు. తగ్గలేదు. దాన్ని మిగతా ఆరు రోజులూ గోడౌన్‌లో ఖర్చుపెట్టేవాణ్ని.

అలాంటి ఉద్యోగంలో ఉండి ఆదివారం ఎలా దొరుకుతోందని సంఘంలో అందరూ అడిగేవారు. దేవుడు దారి తెరిచాడని చెప్పేవాణ్ని. ఆ దారి పేరు యాదయ్య.

యాదయ్యది తొండుపల్లి. నాకంటే పదేళ్లు పెద్ద. వ్యవసాయం వదిలేశాక మా దగ్గర లోడింగ్ పనికి చేరాడు. చదువు రాదు గానీ ఏ పెట్టె ఎక్కడుందో, ఏది ముందు వెళ్లాలో అతనికి తెలిసినంతగా నాకూ తెలియదు. నేను లేకపోయినా ఆదివారం పని నడవాలంటే అతను ఉండాలి. అందుకని అతని వారం సెలవు తీసేశాను. పైనుంచి ఎవరూ చెప్పలేదు. నేనే తీసేశాను. పదకొండు వారాలపాటు అతనికి ఒక్క సెలవు లేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. గోడకు ఆనుకుంటే చాలు నిద్రపోయేవాడు. బూటుతో తట్టి లేపేవాణ్ని. తట్టి అని రాశాను. తన్ని అని రాయాలి.

పన్నెండో ఆదివారం. ఆ రోజు ఆరాధనలో విశ్రాంతి దినం గురించి నేను సాక్ష్యం చెప్పాలి. తెల్ల చొక్కా వేసుకుని ఫోను ఆపబోతుంటే గోడౌన్ నుంచి కాల్ వచ్చింది. యాదయ్య రాలేదట. నాలుగు లారీలు నిలబడి ఉన్నాయి, అతనైనా రావాలి, మీరైనా రావాలి అన్నారు. చెవుల్లోకి రక్తం ఎక్కినట్టయింది. నా ఆదివారాన్ని ఎవడో నా చేతుల్లోంచి లాక్కుంటున్నాడు! బండి తీసి తొండుపల్లి వెళ్లాను.

వరండాలో చాప మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. అతని భార్య లక్ష్మమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. దుప్పటి లాగేశాను.

"లే. డ్యూటీకి నడు."

కళ్లు తెరిచాడు. లేవలేదు. "ఇయ్యాల రాను సార్. పండుకుంట."

"ఏంది, జెరమా?"

"జెరం లేదు. పండుగ లేదు. ఎవలు సావలేదు. ఉత్తగనే పండుకున్న."

"ఆడ లారీలు నిలవడ్డయి. నువ్వు ఉత్తగ పండుకుంటవా?"

"నువ్వు పండుకుంటలేవా సార్ ఐతారం? గా దేవుడు నీకొక్కనికే చెప్పిండా?"

అతని గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అదే నేను తట్టుకోలేకపోయాను.

అరచెయ్యి చాపి, భుజం బలమంతా పెట్టి, చెవి మీద కొట్టాను. ఏదో పగిలిన చప్పుడైంది. పక్కకు ఒరిగిపోయాడు. ఒరిగిన మనిషిని జుట్టు పట్టి లేపి అదే చెవి మీద మళ్లీ కొట్టాను. మూడోసారి కూడా. డొక్కలో మోకాలితో పొడిచాను. బియ్యం చేట ఎగిరిపడింది. లక్ష్మమ్మ నా రెండు కాళ్లూ చుట్టేసుకుంది. "సచ్చిపోతడు సారూ! నీ కాళ్లు మొక్కుత, ఇడిసిపెట్టు!" అని అరుస్తోంది. ఆమెను కూడా విదిలించి తన్నాను. గడప మీద పడింది. యాదయ్య ఒక్క చెయ్యి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆగేవాణ్నేమో. లేదు, ఇది కూడా సాకే.

అతని చెవిలోంచి సన్నగా రక్తం కారి మెడ మీదికి దిగింది. నల్లా దగ్గర కడుక్కున్నాడు. నా బండి ఎక్కాడు. గోడౌన్ గేటు దగ్గర దింపి, పది నిమిషాలు ముందుగానే మందిరానికి చేరాను.

కుడి అరచెయ్యి వాచిపోయి మైకు ఎడమ చేత్తో పట్టుకున్నాను. విశ్రాంతి దినం ఆజ్ఞ చదివాను. పనివాళ్లూ, పశువులూ, మన ఇంట ఉన్న పరాయివాడూ కూడా ఆ రోజు పని మానాలని అందులో ఉంది. ఆ ముక్క దగ్గరికి రాగానే దాటేసి కిందికి చదివాను. ఎవరూ పట్టుకోలేదు. అందరూ ఆమేన్ అన్నారు. అప్పుడు నాకు భయమేసిందా? సిగ్గేసిందా? లేదు. సంతోషమేసింది. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఆ సంతోషమే.

ఆ తర్వాత యాదయ్య మాట వినాలంటే తల పూర్తిగా తిప్పి కుడి చెవి చూపించేవాడు. ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. నాకు అర్థమైంది. మొదటి రోజే అర్థమైంది. దవాఖానకు తీసుకెళ్తే ఎలా జరిగిందని అడుగుతారు. అందుకని తీసుకెళ్లలేదు. కనీసం బళ్లు తిరిగే చోటు నుంచి తప్పించి లోపలి పనికి మార్చవచ్చు. మారిస్తే ఎందుకని అడుగుతారు. అందుకని మార్చలేదు.

నెల దాటింది. ఒక మధ్యాహ్నం సలీం ఫోర్క్‌లిఫ్ట్‌ను వెనక్కి నడుపుతున్నాడు. చాలా జాగ్రత్త గల డ్రైవరు. హారను కొడుతూనే ఉన్నాడు. యాదయ్య వంగి తాడు కడుతున్నాడు. బండి అతనికి ఎడమవైపు నుంచి వస్తోంది. నేను పదడుగుల దూరంలో ఉన్నాను. గట్టిగా అరిచాను. అతను విన్నాడు. కానీ ఒక్క చెవితో విన్న చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో మనిషికి తెలియదట. కుడివైపు నుంచి ఏదో వస్తోందనుకుని ఎడమకు దూకాడు. నేరుగా బండి కిందికి.

వెనక చక్రం అతని కాలిని ఇనుప స్తంభానికి అదిమేసింది. ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది. తర్వాత అతని కేక. సలీం బండి ముందుకు తీసేసరికి మోకాలు ఉండాల్సిన చోట ప్యాంటు గుడ్డా, ఎముకా, మాంసమూ కలిసిపోయి ఉన్నాయి. దవాఖానకు తీసుకెళ్లాం. కాలు తొడ దాకా తీసేశారు.

విచారణ జరిగింది. హారను మోగిందా, మోగితే అతను ఎందుకు తప్పుకోలేదని అడిగారు. రిపోర్టు నేను రాయాలి. డ్రైవరు హారను కొట్టకుండా వేగంగా నడిపాడని రాశాను. హారను చప్పుడు ఇప్పటికీ నా తలలో మోగుతోంది. అయినా అలాగే రాశాను. చెవి సంగతి బయటికి రాకూడదంటే హారను మోగకూడదు. సలీంను ఆ రోజే పంపేశారు. మళ్లీ ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. అతను గేటు బయట నిలబడి, నేను కొట్టిన అన్నా, నేను హారన్ కొట్టిన, అని ఏడుస్తుంటే సెక్యూరిటీవాళ్లు నెట్టేశారు. నేను లోపలినుంచి చూశాను.

యాదయ్య నా పేరు ఎవరికీ చెప్పలేదు. ఎందుకని? భయమా, అసహ్యమా? నాకు తెలియదు. ఆ గోడౌన్ మానేసి అత్తాపూర్ వచ్చేశాను. ఆదివారం మాత్రం మానలేదు.

పోయిన నెల నన్ను సంఘపెద్దగా ఉండమన్నారు. ఆదివారాన్ని నాలా పాటించే మనిషి లేడట. ఒప్పుకోలేక, కాదనడానికి కారణం చెప్పలేక, మర్నాడు తొండుపల్లి వెళ్లాను. యాదయ్య వరండాలో కుర్చీ మీద ఉన్నాడు. కింద కూర్చుని అంతా చెప్పాను. కుడి చెవి నావైపు పెట్టి చివరిదాకా విన్నాడు.

"నా ముచ్చట నాకు ఎరుకలేదా?" అన్నాడు. "నాకెందుకు చెప్తున్నవ్? గా సలీంకు చెప్పుపో."

అంతే. ముఖం తిప్పుకున్నాడు. లక్ష్మమ్మ బయటికే రాలేదు.

సలీం ఎక్కడున్నాడో నాకింకా దొరకలేదు. వెతుకుతున్నాను. దొరికితే కొడతాడేమో. పోలీసుల దగ్గరికి పోతాడేమో. నిన్న రాత్రి నా భార్యకు చెప్పాను. ఆమె లేచి పిల్లల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నా రిపోర్టు అబద్ధమని పాత గోడౌన్‌కు ఉత్తరం రాసి పంపాను. జవాబు రాలేదు. నన్ను క్షమించమని ఎవరినీ అడగడం లేదు, మిమ్మల్ని కూడా.

ఆ రోజు సలీం హారను కొట్టాడు. నేను విన్నాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఎనిమిదేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం లోపలికి దిగింది.