అప్పలస్వామి గారి కాలు షాట్

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, ఒక సినిమాకి చీఫ్ మేకప్‌మేన్‌గా పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. నాది గాయాల మేకప్. తెగిన చేతులూ చీలిన పొట్టలూ చేయడం మా పని. సినిమా కథ వయసు మళ్లిన మాజీ సైనికులది. పాత బంగళాలో చిక్కుకుంటారు, మత్తు తలకెక్కిన ముఠా చుట్టుముడుతుంది, ఒక్కొక్కరే ముక్కలవుతారు. ఆ ముసలి వేషాలు వేసినవాళ్లలో ఒక్కడికీ యాభై నిండలేదు. జుట్టుకు తెలుపు నేనే పూశాను.

కాలు ఎగిరిపోయే షాట్‌కి నిజంగా కాలు లేని మనిషి కావాలి. మోకాలి కింద సిలికాన్ కాలు తొడిగి, లోపల రక్తపు సంచీ, చిటికెడు మందుగుండూ పెడతాం. పేలగానే అది ఊడి పడుతుంది. అందుకోసం అవతలి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ మీద అప్పలస్వామి గారు వచ్చారు. సైన్యంలో నాయక్‌గా చేసి, సరిహద్దులో మందుపాతర మీద అడుగేసి ఎడమ కాలు పోగొట్టుకున్న మనిషి. వయసు అరవై ఎనిమిది.

ముందే పంపిన కొలతలతో చేసిన కాలు తొడిగి చూస్తుంటే ఒక్కటే అడిగారు.

"భయ్యా, నా మొకం అగుపడతాది గదా? పక్కా చెప్పు. మా జెట్టీ కాడ అందరూ నాను తాగేసి ఫెర్రీ మీంచి పడి కాలు పోగొట్టుకున్నానంతారు. ఎన్నేళ్లు చెప్పినా ఒక్కడూ నమ్మడు. కళ్లతో సూస్తే నోరు మూసుకుంతారు."

షాట్ల కాగితం నా జేబులోనే ఉంది. ఆయన పేరు పక్కన 'డూప్, ముఖం కనిపించదు' అని రాసి ఉంది. పేలేది ఆయన కాలు, ఏడ్చేది హీరో ముఖం. చెబితే లేచి వెళ్లిపోతారు. ఆ కాలు చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నా పనితనం ఎక్కడ మూలపడుతుందోనని, "కనిపిస్తుందండీ, పూచీ నాది" అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా అనేశాను!

మొదటి టేక్‌లో కాలు చక్కగా ఊడింది కానీ ఆయన అరవలేదు. ఎందుకరవలేదని డైరెక్టర్ అడిగితే, సరిహద్దులో అప్పుడూ అరవలేదనీ, కాలు లేదని తెలియడానికే కాసేపు పట్టిందనీ చెప్పారు. యుద్ధం సంగతి నాకెందుకు, జనానికి అరుపు కావాలి అన్నాడు డైరెక్టర్. నాలుగో టేక్‌లో అరిచారు. ఒక లైట్‌బాయ్ చెవులు మూసుకున్నాడు. డైరెక్టర్ ఓకే చెప్పి భోజనానికి లేచాడు.

రక్తం తుడుస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"మొకం పడినాదా?"

"పడింది" అన్నాను. అది రెండో అబద్ధం.

సినిమా టీవీలో వచ్చిన వారానికి ఆయన ఫోన్ చేశారు.

"జెట్టీ కాడ టీకొట్లో టీవీ ముందు అందర్నీ పిలిచి కూకోబెట్టినాను, భయ్యా. కాలు నాది, మొకం హీరోది, అరుపు గూడా ఆడిదే. ఇదిగో ఇంకో అబద్ధం అని పగలబడి నవ్వినారు."

ఆ వెంటనే ఆయనే అన్నారు:

"ఒకపాలి దుష్మన్ తీసుకున్నాడు నా కాలు. ఈపాలి నువ్వు తీసుకున్నావు."

పెట్టేశారు. నేను తిరిగి చేయలేదు.

ఆ కాలును మా వాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు. పని నేర్చుకోవాలని వచ్చినవాళ్లకు కొలతలూ, రక్తంలో కలిపే పాళ్లూ చెబుతాను. దానితోపాటు ఇదీ చెబుతాను: డూప్ వచ్చి కుర్చీలో కూర్చోగానే షాట్ల కాగితం ఆయన చేతికివ్వాలి. చదవడం రాకపోతే చదివి వినిపించాలి. లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వాలి.