బెల్టుబండి అల్లుడు

చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే మలుపులో డేవిడ్ మెకానిక్ షెడ్డు ఉంది. నాలుగేళ్ళ కింద పదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి అతని కూతురు అక్సా పగలంతా ఆ షెడ్డులోనే ఉంటుంది. బండి కింద పడుకున్న నాయిన చెయ్యి బయటికి చాపితే చాలు, ఏ పానా కావాలో అడక్కుండానే అందిస్తుంది. కొత్తవాళ్ళు వస్తే మాత్రం పాత టైర్ల వెనక్కి జరుగుతుంది. అక్కడి నుంచి మాట్లాడదు గానీ, చూడాల్సిందంతా చూస్తుంది.

అలా టైర్ల వెనక నుంచి చూసి చూసే జోయెల్‌ను ఇష్టపడింది. అతను ఖమ్మం పక్కనే ఉన్న ఖానాపురం హవేలి కుర్రవాడు, సొంత డీజిల్ కారును కిరాయికి తిప్పుతాడు. ఖమ్మంలో ఎంతమంది మెకానిక్‌లున్నా ఏదో ఒక రిపేరు పేరు చెప్పి ఇంత దూరం వస్తాడు. ఒకసారి హారన్ బాగానే మోగుతుంటే, "మరీ గట్టిగ మోగుతుంది అంకుల్, జర చూడుండ్రి" అన్నాడు. అక్సా టైర్ల వెనక చున్నీ నోట్లో కుక్కుకుంది.

చర్చి సంఘ పెద్ద సవరయ్య సంబంధం మాట ఎత్తితే డేవిడ్ అన్నిటికీ తలూపాడు. కుటుంబం మంచిది. కుర్రాడు తాగడు, ఆదివారం గుడి మానడు. తీరా అంతా అయ్యాక మొహం ముడుచుకున్నాడు.

"అంత బాగనే ఉంది గని పెద్దయ్యా, ఆ పిలగానిది బెల్టు బండి."

ఇంజన్‌లో పైన వాల్వులు, కింద పిస్టన్లు ఒకదాని లెక్క ఒకటి తప్పకుండా ఆడాలి. ఆ లెక్క పట్టి ఉంచేది కొన్ని బండ్లలో ఇనప చెయిన్, కొన్నింటిలో పళ్ళున్న రబ్బరు బెల్టు. డేవిడ్‌ది చెయిన్ పార్టీ.

"చెయిన్ ఆయిల్‌ల తానం జేసుకుంట ఉంటది," అన్నాడు. "పోయే ముందు నెలల తరబడి గలగల మొత్తుకుంటది. బెల్టు నోరు తెరవది, టప్పుమని తెగుతది. వాల్వులు పోయి పిస్టన్లకు గుద్దుకుంటయ్. అడివి నడుమ గట్లయితే నా బిడ్డ ఎలుగుబంట్లకు కతలు చెప్పుకుంట కూసోవాల్నా?"

"టైముకు మారిస్తే తెగదు అంకుల్," అన్నాడు జోయెల్.

"మార్చుడు యాదికుండాలె గద."

"నీకు మన పెండ్లిరోజే యాదికుండదు," అంది అక్సా తల్లి హెప్సిబా, టీ గ్లాసులు తీస్తూ. "నీకు చెయినే కరెక్టు. మొత్తుకునేదాక కదలవు."

ఆ మాటకు ఉడుక్కున్న డేవిడ్ పరీక్ష పెట్టాడు. జోయెల్ బండికి బెల్టు మార్చే సమయం దగ్గరపడింది. ఆ బెల్టు అతనే తన చేత్తో, అందరి ముందూ మార్చాలి. సరిగ్గా మారిస్తే పిల్లనిస్తాడు. తప్పితే చెయిన్ బండి కొన్నాకే ఈ గడప తొక్కాలి.

జోయెల్ నడపడమే తప్ప విప్పడం తెలియనివాడు. అయినా, "సరే అంకుల్" అనేశాడు. ఆ తెగింపు చూసి అక్సాకు భయం వేసింది, ఎందుకో ఎగిరి గంతేయాలని కూడా అనిపించింది.

పరీక్ష రోజున సవరయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో బైబిల్‌తో వచ్చాడు. అడవి లోపలి ఊరి ముత్తక్క కూడా ఉంది. సంతలో రెండు కోడిపెట్టలు కొనుక్కుని, ఇల్లు చేరడానికి జోయెల్ బండే మాట్లాడుకుంది.

"మీ పెండ్లి అయితదో లేదో గని, నా కోళ్ళు ఎండకు సస్తయ్. జల్దీ కానియ్ పిలగా," అని బల్ల మీద కూలబడింది.

జోయెల్ మూత విప్పాడు. బెల్టు తిరిగే పైచక్రం మీది గీతనూ కింది చక్రం మీది గీతనూ వాటి వాటి గుర్తులకు ఎదురుగా తెచ్చాడు. పాత బెల్టు తీసి కొత్తది ఎక్కించాడు. అంతవరకూ బాగుంది. బెల్టును చివరగా లోపలికి నెట్టేటప్పుడు పైచక్రం చీమ నడిచినంత కదిలింది. జోయెల్ చూడలేదు. బెల్టు బిగించేశాడు.

ఒక్క పన్ను తప్పింది, పైగీత గుర్తు దాటింది. టైర్ల వెనక అక్సాకు అది కనబడింది. నాయిన వైపు చూసింది. ఆయన మీసం వణుకుతోంది. క్యారమ్స్‌లో గెలిచే ముందు ఆ మీసం అలాగే వణుకుతుంది.

"పెద్దయ్యా," అన్నాడు డేవిడ్ తీరుబడిగా. "కీ తిప్పే ముందు ప్రార్థన జెయ్యి. ఆమెన్ అయినంక నేనొక మాట చెప్పేది ఉంది."

అక్కడే ఆయన పొరపాటు చేశాడు. సవరయ్య ప్రార్థన మొదలుపెట్టాడంటే పొయ్యి మీద ఎసరు పెట్టుకోవచ్చని సంఘంలో అందరికీ తెలుసు. ఏ పని కోసమైనా ఆయన ఆదాము దగ్గర బయలుదేరాల్సిందే. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. సవరయ్య వెలుగు కలిగిన చోట మొదలుపెట్టాడు.

అక్సా టైర్ల వెనక నుంచి పిల్లిలా వచ్చింది. బండి మీదికి వంగి, అలవాటుగా పక్కకు చెయ్యి చాపింది. చేతిలోకి పానా వచ్చింది. తలెత్తితే జోయెల్. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అక్సా పెదవి కొరుక్కుంది.

బిగింపు చక్రం నట్టు వదులు చేస్తుంటే కిర్రుమంది. సరిగ్గా అప్పుడే హెప్సిబా, "స్తోత్రం" అంది గట్టిగా. అక్సా బెల్టు జార్చింది, పైచక్రాన్ని ఒక్క పన్ను వెనక్కి తిప్పింది, మళ్ళీ ఎక్కించింది. చెమటకు పానా జారి ఠంగున పడింది. "స్తోత్రం, స్తోత్రం" అంది హెప్సిబా. కోళ్ళు కూడా కొక్కొక్కోమన్నాయి. సవరయ్య అప్పటికి నోవహు ఓడలోకి జంతువులను ఎక్కిస్తున్నాడు, ఆయనకు కోళ్ళ చప్పుడు అడ్డం కాలేదు. ఓడ కొండకు తగిలేసరికి నట్టు బిగిసింది. బెల్టు దాకా వచ్చి ఆయన ఆమెన్ అనేసరికి అక్సా టైర్ల వెనక ఉంది.

"కీ తిప్పకు," అన్నాడు డేవిడ్. "అందరు ఇటు రాండ్రి. గీ మీది గీత చూడుండ్రి..."

ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పెద్దయ్యా, ఇందాక పన్ను తప్పి ఉండె. నా కండ్లతోని చూసిన."

సవరయ్య గీతను చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "ప్రార్థనల సరి అయింది డేవిడూ. దేవుడే జరిపిండు. ఆదివారం గుడిల నిలబడి ఈ సాక్ష్యం నువ్వే చెప్పాలె."

డేవిడ్ ముఖం పాలిపోయింది. చేతులు జోడించాడు. ఇక నోరు మూసుకుంటే పెళ్ళి అయిపోయినట్టే. కానీ ఆదివారం గుడి అంతా లేచి తన పానాకు హల్లెలూయా చెప్పడం తలచుకుంటే అక్సాకు మనసొప్పలేదు. కాళ్ళు వాటంతటవే ముందుకొచ్చాయి.

"దేవుడు కాదు తాతా," అంది. "నేనే."

"అందరు కండ్లు మూసుకుంటే నువ్వెట్ల..." అన్నాడు సవరయ్య.

"అందరేంది," అంది ముత్తక్క బల్ల మీద నుంచి. "పానా అందిచ్చింది ఈ పిలగాడే. సప్పుడైనప్పుడల్ల ఈ తల్లి చూసి చూసి స్తోత్రం అన్నది. కండ్లు మూసుకున్నది మీరిద్దరే."

హెప్సిబా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

డేవిడ్ కూతురి వైపు తిరిగాడు. "మార్చినంక చేత్తోని రెండు సుట్లు తిప్పి చూసినవా?"

"టైం లేకుండె నాయినా. తాత కొండ మీదికి వచ్చేసిండు."

"తిప్పు."

అక్సా కింది చక్రానికి పానా తగిలించి రెండు చుట్లు తిప్పింది. గీతలు రెండూ ఎక్కడివక్కడ వచ్చి ఆగాయి. డేవిడ్ సైగ చేస్తే జోయెల్ కీ తిప్పాడు. ఇంజన్ అందుకుంది. డేవిడ్ పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు.

"పరీక్షల పిలగాడు ఫెయిలు," అన్నాడు. "గని నా బిడ్డ ఉన్న బండిల బెల్టు తెగేదాక ఎందుకొస్తది. ముందుగాలనే మారుస్తది. ఇగ నాకేం భయం. ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామో నువ్వే చెప్పు పెద్దయ్యా."

"ముందు కృతజ్ఞత ప్రార్థన జేద్దాం," అన్నాడు సవరయ్య.

"నన్ను దింపినంక జేసుకోండ్రి," అంటూ ముత్తక్క కోళ్ళను చంకన పెట్టుకుంది గానీ, సవరయ్య అప్పటికే ఆదాము దగ్గర ఉన్నాడు.

అక్సా కళ్ళు గట్టిగా మూసుకుంది. ఉండబట్టలేక ఒకటి సందుగా తెరిచింది. జోయెల్ తననే చూస్తున్నాడు. అమ్మ జోయెల్‌ను చూస్తోంది. అటు పక్క నాయిన కళ్ళజోడు మీది నుంచి ముగ్గురినీ చూస్తూ, కూతురికి దొరికిపోయి, ఠక్కున కళ్ళు మూసుకుని అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నాడు.