కబ్సా సార్‌కి దొరక్కుండా ఒక నడక

ఆ రోజుల్లో రియాద్‌లో మేము ఎదురుపడితే ముందు అడిగేది ఒంట్లో ఎలా ఉందని కాదు, కంపెనీ ఏ రంగులో ఉందని. నితాఖాత్ అనే సర్కారు లెక్క ప్రకారం సౌదీ ఉద్యోగులు సరిపడా ఉన్న కంపెనీ ఆకుపచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. మేము పనిచేసే క్లినిక్ పసుపులోకి జారిందని తెలిసినప్పటి నుంచి మా ముఖాలు కూడా ఇంచుమించు ఆ రంగులోనే ఉండేవి. పసుపు కంపెనీలో ఉన్నవాళ్ళ ఇఖామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే కార్డు, గడువు తీరాక మళ్ళీ రెన్యువల్ అవుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. కాకపోతే ఖురూజ్, అంటే దేశం వదిలి వెళ్ళమనే కాగితం, కొడతారు. ఇక పెట్టె సర్దుకుని విమానం ఎక్కడమే.

నేను ఎక్స్‌రే గదిలో సహాయకురాలిని. ఇరవై నాలుగేళ్ళు. నలుగురిలో నోరు పెగిలేది కాదు, ఆ కొరతంతా డైరీలో తీర్చుకునేదాన్ని. కోనసీమలో మా ఇంట్లో తొమ్మిదిమందిమి. పుస్తకం పట్టుకుంటే ఎవరో ఒకరు వచ్చి చేతిలో చాట పెట్టేవారు. ఇక్కడ స్టాఫ్ బిల్డింగులో మందుల అట్టపెట్టెలు దాచే గది ఖాళీ చేసి నాకిచ్చారు. కిటికీ లేదు. కానీ తలుపుకి లోపలి వైపు గడియ ఉంది. పుట్టాక మొదటిసారి నేను గడియ వేసుకుని, ఎవరూ పిలవకుండా, ఒక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది ఆ గదిలోనే. అప్పటికి నా ఇఖామా గడువు తీరడానికి పదకొండు రోజులుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. ఆ గడియ పోతుందన్న దిగులు మాత్రం అంతకంటే పెద్దది (ఇది అప్పట్లో ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని).

ఇక మా కబ్సా సార్. క్లినిక్ ఆఫీసులో ఇఖామాలు, ఖురూజ్‌లు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. కరీంనగర్ మనిషి. వెంట ఉండే కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను వచ్చాక భార్యనీ పిల్లల్నీ ఊరికి పంపేసి ఒంటరిగా ఉండేవాడు. పాపం మెత్తని మనిషి. ఎవరికైనా ఖురూజ్ మాట నోటితో చెప్పలేక, ముందు అందరినీ కూర్చోబెట్టి కబ్సా పెట్టించేవాడు. పళ్ళెంలో అన్నం మీద ఉన్న వేట మాంసంలోంచి అన్నిటికంటే పెద్ద ముక్క తీసి, వెళ్ళాల్సిన మనిషి ముందు తన చేత్తో పెట్టేవాడు. అంతే, అందరికీ అర్థమైపోయేది. ఆ ఏడాది ముగ్గురికి ఆ ముక్క అందింది. అందుకే ఆయన 'శుక్రవారం అల్ ఖర్జ్ వైపు చెరువు దగ్గర నడుద్దాం, సూర్యాస్తమయం చూద్దాం, తిండి నాది' అనగానే మాలో ఎవరికీ సూర్యుడు గుర్తు రాలేదు.

పైగా గురువారం నన్ను ఆపి, "బిడ్డా, నువ్వచ్చినప్పుడు తెచ్చిన పెట్టె పెద్దదేనా? చక్రాలు మంచిగున్నయా?" అని అడిగాడు. నేను తలూపి గదికి పోయి గడియ వేసుకున్నాను. పెట్టె నిండా నా పుస్తకాలే. వాటిని చూస్తూ డైరీలో 'నేనే' అని ఒక్క మాట రాసి కింద గీత గీశాను.

శుక్రవారం మధ్యాహ్నం వ్యాన్‌లో నలుగురం బయల్దేరాం. సార్, నేను, కడప నుంచి వచ్చిన పెద్ద నర్సక్క, నడిపేది నిజామాబాద్ డ్రైవరన్న. శుద్ధి చేసిన మురుగునీటిని ఎడారిలోకి వదలగా ఏర్పడిన చెరువు అది. ఒకవైపు రెల్లు, మరోవైపు రాళ్ళ గుట్ట, ఆ గుట్ట అంచునే మేకలు నడిచిన సన్నటి దారి. చలిగాలికి స్వెటర్లు చాలలేదు. దిగీ దిగగానే నర్సక్క నా చెయ్యి గిల్లింది.

"చూడమ్మే, చంకలో కవరు పెట్టుకోనుండాడు. అది కాయితమే."

"ఎవరిదై ఉంటుందక్కా?"

"నాది కాదులే. నాకింకా ఎనిమిది నెల్లుంది. నీదెప్పుడు అయిపోతాది?"

నేను గబగబా నడక మొదలుపెట్టాను. నా తర్కం చాలా తేలిక. ఆయన నా పక్కకు రాలేకపోతే కవరు ఇవ్వలేడు, కవరు ఇవ్వకపోతే ఖురూజ్ లేదు. (డైరీలో రాసుకున్నప్పుడు కూడా ఇది నాకు సబబుగానే తోచింది.) ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి గెంతుతూ, తుమ్మముళ్ళు దుప్పట్టాకి గుచ్చుకుంటే చించుకుని మరీ ముందుకుపోయాను. వెనక నుంచి ఆయాసపడుతూ గొంతు వినిపించేది.

"ఏం బిడ్డా, గంత జోరుగ పోతున్నవేంది? జరంత ఆగరాదు."

"కొంగలండీ... కొంగల్ని చూద్దామనండీ," అని గాలిలోకి చెప్పి ఇంకో మలుపు తిరిగాను. అక్కడ కొంగలు నిజంగానే ఉన్నాయి, నన్ను చూసి ఎగిరిపోయాయి. సార్‌కి మోకాలు నొప్పి. అది తెలిసీ నేను ఎత్తుగా ఉన్న రాళ్ళవైపే వెళ్ళాను. డ్రైవరన్న కూడా ఏదో వంకతో వెనకబడ్డాడు, ఆయన అనుమానం ఆయనది. "సార్, గీ రాళ్లల్ల నీకు నడుసుడెందుకు, కూసోరాదు," అనడం వినిపించింది. సార్‌ని కూర్చోబెడితే ఎవరి దగ్గరికీ రాలేడని అన్న ఎత్తు.

దారి చివర చదునైన బండ వచ్చింది. అటుపైన నీళ్ళే, పారిపోయే చోటు లేదు. అన్న ప్లాస్టిక్ షీటు పరిచి, వ్యాన్‌లోంచి మోసుకొచ్చిన పళ్ళెం దించాడు. సార్ మోకాలు పట్టుకుని కూలబడ్డట్టు కూర్చుని, అన్నంలోంచి పెద్ద ముక్క తీశాడు. అది ముందు అన్న వైపు వచ్చింది.

"పన్ను నొస్తున్నది సార్. నమలరాదు."

నర్సక్క వైపు తిరిగింది.

"నేను ఉపవాసముండాను సార్. ప్రార్థన పెట్టుకోనుండా." (వ్యాన్‌లో నా పక్కనే కూర్చుని రెండు సమోసాలు తింది.)

నా వైపు వచ్చింది. "శుక్రవారం మాంసం ముట్టనండి," అన్నాను. అంతకుముందు శుక్రవారం మెస్‌లో నేను మూడోసారి కోడికూర వేయించుకుంటున్నప్పుడు వడ్డించింది ఆయనే.

ఆయన మా ముగ్గురినీ ఒకసారి చూసి, ముక్కని తన ముందే పెట్టుకున్నాడు. "మంచిది. ఎట్లయినా ఇది నాదే గదా."

అన్న దవడ మీంచి చెయ్యి తీసేశాడు. సార్ చెప్పుకుపోయాడు.

"నా కుర్చీ ఇగ సౌదీలకే అని రూలొచ్చింది. ఆదివారం ఒక సౌదీ పిల్ల చేరుతది. నా ఖురూజ్ కాయితం నేనే టైపు చేసిన. ఇంకో మనిషిదైతే నాలుగు తప్పులు పోతుండె, నాది మాత్రం ఒక్క తప్పు పోలే." నవ్వాడు. "ఆమె పేరు ఎక్కంగనే నిన్న కంపెనీ గ్రీన్లకచ్చింది. వచ్చిన గంటకే నీ ఇఖామా ఏడాదికి చేసిన బిడ్డా. గిదిద్దామనే నీ ఎనక పడితి. నువ్వేమో మేకపిల్ల లెక్క ఎగుర్తివి."

కవరు చేతికిచ్చాడు. నా పేరు, ఫొటో, కొత్త తేదీ. థాంక్స్ చెప్పాలి. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "మరి పెట్టె ఎందుకడిగారండీ?"

"నా పెట్టె చక్రం ఇరిగింది. పన్నెండేండ్ల సామాను, చేతుల మోస్తనా?"

నర్సక్క ముఖం పక్కకి తిప్పుకుని ముక్కు చీదింది. తర్వాత పళ్ళెం తన వైపు లాక్కుని, "ఉపవాసం రేపుంటాలే సార్," అని ముక్క తుంచింది. అన్న ఎముక కొరికాడు, పన్ను సంగతి ఎవరూ అడగలేదు. నేనూ తిన్నాను. ఉప్పగా ఉందనుకున్నాను గానీ అది అన్నం తప్పు కాకపోవచ్చు.

పెట్టె ఖాళీ చేసి ఇచ్చేశాను. వారం తర్వాత ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడేళ్ళు నా పుస్తకాలు నేలమీదే ఉన్నాయి.

మొన్న ఆనాటి డైరీ తీశాను. ఆ శుక్రవారానికి నాలుగు పేజీలున్నాయి. కవరు ఏ చంకలో ఉంది, ఎన్నిసార్లు పిలిచాడు, ఎవరు ఎవరివైపు ఎలా చూశారు, అన్నీ గడియారం టైముతో సహా. ఆయన ఇన్నేళ్ళున్న దేశంలో ఆఖరిసారిగా మాకు చూపించాలనుకున్న దాని గురించి ఒక్క వాక్యమే ఉంది: 'ఈలోగా సూర్యుడు అస్తమించినట్టున్నాడు.' డైరీలోని ఆ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి భుజాలు పట్టుకుని ఒక్కసారి పడమటి వైపు తిప్పాలనిపిస్తుంది. నాకు తెలుసు, తిరగదు. వెనక్కి చూసుకుంటూ, రాళ్ళ మీద గెంతుతూ పోతూనే ఉంటుంది.