పాటయ్యేదాకా కూకోండి

చోడవరంలో అచ్చియ్యమ్మ ఎదుట పాటని మధ్యలో ఆపగల మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. పాట మొదలైందంటే ముగియాలి. అది భజన కానీ, సినిమా పాట కానీ, ఆటో మీద మైకు పెట్టుకుని అరిచే ఎరువుల ప్రకటన కానీ. ముగిసేదాకా ఆవిడ కుట్టుమిషను ముందున్న బల్ల మీంచి ఎవరూ లేవకూడదు. వీలైతే తుమ్మకూడదు.

ఓసారి లైన్‌మన్ శ్యాంప్రసాద్ రిపేరు కోసం కరెంటు తీసెయ్యబోతుంటే, అచ్చియ్యమ్మ చేతిలో కత్తెరతో వీధిలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఒరే బాబూ, సరణం నడస్తంది! పల్లవొచ్చీదాకా ఆగు!"

పాపం అతను నిచ్చెన మీద నిలబడి పల్లవి కోసం ఎదురుచూశాడు. దిగేసరికి పాట కంఠతా వచ్చేసింది. ఆ తర్వాత ఊళ్లో ఎక్కడ స్తంభమెక్కినా అదే పాడుతున్నాడట.

జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన రేవతి ఫోను మోగితే, అందులో పాట ఉందని అచ్చియ్యమ్మ ఆమె మణికట్టు పట్టేసుకుంది. "ఎత్తకు. అవనీ." అవతలివాళ్ళు విసుగొచ్చి పెట్టేశారు. "మళ్ళీ సెయ్యమను, సగంలో ఆగిపోనాది" అని పట్టుబట్టింది. చేసింది రేవతి ఆఫీసరు.

ఎందుకమ్మా ఇలాగని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. ఒకరికి "మిసను సూది ఇరిగిపోతాది" అని. ఇంకొకరికి "పాడినోళ్ళకి ఎక్కిళ్ళొస్తాయి" అని. ఏ కారణం ఎవరికి చెప్పిందో ఆవిడకే గుర్తుండేది కాదు.

ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఇందు. విశాఖపట్నం పిల్ల. మొగుడు కళ్యాణ్ పొద్దున్నే బస్సెక్కి విశాఖలో డ్యూటీకి పోతాడు. ఇందుది ఇంట్లో కూర్చుని చేసే కంపెనీ ఉద్యోగం. దానికోసం కొత్త కంప్యూటర్ కొనుక్కుంది. నెట్టు తీగ వీధిగది దాకానే వచ్చింది కనక, ఆ కంప్యూటర్ వెళ్ళి సరిగ్గా కుట్టుమిషను పక్కనే కాపురం పెట్టింది.

అచ్చియ్యమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, "ఇది పాటలు పాడతాదేటి?" అని అడిగింది.

"పాడుతుందత్తయ్యా."

"మద్దిలో ఆగిపోదు కదా?"

అడగడానికి కారణం ఉంది. ఆవిడ దగ్గర అగ్గిపెట్టంత పాటల ప్లేయరొకటి ఉంది. ఊరి తీర్థాల్లో రికార్డు చేసిన కథల దగ్గర్నుంచి సినిమా పాటల దాకా అన్నీ అందులోనే. వేరే చోట ఎక్కడా లేవు. మూత ఊడిపోకుండా లంగా నాడాతో కట్టి ఉంచింది. ఈ మధ్య దానికి ఆయువు తీరింది. తీగ తగిలించినా చాలాసేపటికి గానీ కళ్ళు తెరవదు, తెరిచాక తీగ కదిలితే గుటుక్కుమంటుంది. పాట మధ్యలో అది ప్రాణం విడిచిన రోజు అచ్చియ్యమ్మ అన్నం తినేది కాదు.

"అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తాను. అరగంట పని" అంది ఇందు.

ఉగాది ముందు మొదలైన ఆ అరగంట, ఎండలు ముదిరినా పూర్తికాలేదు.

మొదటిరోజు తెర మీద పచ్చగీత మెల్లగా పాకుతుంటే అత్తాకోడళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"ఆ గీతేటి?"

"పాటలొస్తున్నాయి అత్తయ్యా."

"అన్నీ ఒకేసారా? తొక్కిసలాటవదూ?"

అంతలో కరెంటు పోయింది. అచ్చియ్యమ్మ గుండె మీద చెయ్యేసుకుని లేచింది. "ఓలమ్మా! ఏ పాట మీద పోయింది? సగం అక్కడ, సగం ఇక్కడ ఉండిపోనాదేటి?"

"అక్కడి పాట అక్కడే ఉంటుంది. ఇక్కడికొచ్చేది నకలు" అని ఇందు నచ్చజెప్పింది. కరెంటు వచ్చాక మళ్ళీ మొదలెట్టింది. ఈ పేరుతో ఇప్పటికే ఒకటుంది, దాన్ని వదిలెయ్యనా అని కంప్యూటర్ అడిగింది. ఇందు చదవకుండానే ఊఁ అని నొక్కేసింది.

అత్తగారికి మాత్రం నమ్మకం కుదరలేదు. "ఒక్కొక్కటీ మొదల్నించి ఆకరిదాకా ఇని సూడాల."

"అత్తయ్యా, వందల పాటలు!"

"అయితే ఏటి? పొట్టివి ముందు ఇందాం. పొడుగువి ఆకర్న."

"సరే, సినిమాల వారీగా పెట్టనా, పాడినవాళ్ళ వారీగా పెట్టనా?"

"పొడుగు బట్టి ఎట్టు. పొట్టివొక కాడ, మజ్జస్తమొక కాడ, పొడుగువొక కాడ."

పాటల్ని పొడుగు బట్టి పెట్టుకునే మనిషిని ఇందు ఎక్కడా చూడలేదు. బట్టలు కుట్టే చెయ్యి కనక పాటలకీ కొలతలు తీస్తోంది కాబోలనుకుంది.

రోజూ భోజనాలయ్యాక పరీక్ష. మొదట్లో ఇందుకి ఒళ్ళు మండేది. కంపెనీ వాళ్ళు మీటింగులో "ఆ వెనక భజనేమిటండీ?" అని అడిగితే, "అయిపోతుందండీ, ఇంకో చరణమే" అని ఆమే చెప్పడం మొదలెట్టింది. రానురాను పాటకీ పాటకీ మధ్య మాటలు పెరిగాయి. ఒకరోజు మాత్రం ఇందు ఏమీ మాట్లాడలేదు. పొద్దుట కళ్యాణ్‌తో మాటా మాటా వచ్చింది, సాయంత్రం పుట్టింటికి పోదామని లోపల బట్టలు సర్ది పెట్టింది. ఆ రోజు చీకటిపడినా అత్తగారు "ఇంకోటి ఎట్టు" అంటూనే ఉంది. కళ్యాణ్ బస్సు దిగి గుమ్మంలోకి వచ్చినా పాట అయిపోలేదు. అతనూ చెప్పులిప్పి కూర్చోవలసి వచ్చింది. పాట అయ్యాక సర్దిన బట్టల సంగతి ఇందుకి గుర్తే లేదు.

పొట్టివీ మధ్యస్థాలూ అయ్యాయి. పొడుగువి మిగిలుండగా ఒక మధ్యాహ్నం జగ్గయ్య గొడ్డలి భుజాన వేసుకుని వీధిలో విసవిసా వెళుతూ కనిపించాడు. చెరకు రైతు. ఇల్లు ఈ వీధి మొదట్లో. తమ్ముడి ఇల్లు ఈ వీధి చివర, దాని పక్కనే జగ్గయ్య పశువుల శాల. తమ్ముడి పేరు పెదబాబు. వెనక పుట్టినవాడికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు.

"ఎక్కడికన్నా, గొడ్డలట్టుకుని?" అంది అచ్చియ్యమ్మ.

"ఆడి పనస సెట్టు నరికీడానికి! మా పసువుల సాల మీద కాయ పడి రేకు రెండు ముక్కలైపోనాది. సెప్తే నవ్వుతాడా? సెట్టు నరుకుతాను. అడ్డమొస్తే ఆడినీ..."

"అలగే నరుకుదువు గానీ, నీ తలగడ గలీబులు కుట్టీసేను. పట్టుకెళ్ళు."

జగ్గయ్య కోపంలో ఉన్నా గలీబులు గలీబులే. అరుగెక్కాడు. ఎక్కడమే తడవు, అచ్చియ్యమ్మ కోడలి వైపు తిరిగి, "పొడుగుల్లో అన్నిటికన్నా పొడుగుది ఎట్టే" అంది.

ఇందు ఆవిడ మొహంలోకి చూసింది. పాటలకి కొలతలెందుకో అప్పుడు తెలిసింది. ఊరి మీద చాడీలు మోసే ప్రేమ్‌కుమార్ బల్లెక్కితే ఎరువుల ప్రకటనంత పాట. ఎండలో కూరగాయల బుట్ట మోసుకొచ్చే ఎర్రమ్మకి చెమటారేంత పాట. పరీక్ష తప్పిన కీర్తికి ఏడుపయ్యేంత పాట. అత్తయ్య కొలిచేది పాటల్ని కాదు.

జముకు వాయిస్తూ పాడే జముకుల కథ మొదలైంది. రాజుగారి ఏనుగు తప్పిపోయింది, మావటివాడు ఊరూరా వెతుకుతున్నాడు. జగ్గయ్య పళ్ళు నూరుతూ, గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. లేవాలని ఉంది. కానీ పాట నడుస్తోంది. ఇన్నేళ్ళ అలవాటు మోకాళ్ళని పట్టేసింది.

మావటివాడు అడవి చేరాడు. పొద కదిలింది. ఏనుగు బయటికొచ్చింది. తొండమెత్తి...

అంతే. ఆగిపోయింది.

ఇందు గబగబా చూసింది. ఆ రోజు కరెంటు పోయింది ఈ కథ మీదే! సగమే వచ్చింది. పరిగెత్తి ప్లేయర్‌కి తీగ తగిలించింది. అది ఎప్పటికి కళ్ళు తెరవాలి?

జగ్గయ్య గొడ్డలి పట్టుకుని లేచాడు. "అయిపోనాది కదా, ఎల్తన్నాను."

"అవలేదు. ఆగింది. కూకో."

అని, అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుని గొంతెత్తింది.

ఆవిడ పాడగా విన్నవాళ్ళు అంతవరకూ ఊళ్లో లేరు. ఎందుకు లేరో వెంటనే తెలిసింది. నూనె చుక్క ఎరగని మిషను, ఇసకలో గీరిన తప్పేలా, రెండూ కలిసి పాడితే ఆ గొంతు. ఎదురింటి దూడ బెదిరి తాడు తెంపుకుంది. జగ్గయ్య నోరు తెరుచుకుని కూలబడ్డాడు.

అప్పుడే, అన్న గొడ్డలితో వస్తున్నాడని విని పెదబాబు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏడీ ఆడు!" అంటూ అరుగెక్కాడు.

అచ్చియ్యమ్మ పాడుతూనే కత్తెరతో బల్ల చూపించింది. కర్ర పక్కనపెట్టి అతనూ కూర్చున్నాడు. బల్లకి ఆ చివర అన్న, ఈ చివర తమ్ముడు.

"తొండమెత్తి... తొండమెత్తి..." ఆవిడ తడుముకుంది.

"తొండమెత్తి దండమెట్టె" అన్నాడు జగ్గయ్య, గోడకేసి చూస్తూ.

"దండం కాదక్కా, దుమ్ము. తొండమెత్తి దుమ్ము సల్లె" అన్నాడు పెదబాబు, వీధికేసి చూస్తూ.

"దండమే! సీడికాడ ఊరి తీర్థంలో నాను సెవులారా ఇన్నాను. ఈడప్పుడు గుంటడు, నా బుజమ్మీద నిద్దరోతన్నాడు. ఈడికేటి తెల్సు?"

"నిద్దరోనేదు. కళ్ళు మూసుకుని ఇన్నాను."

"కళ్ళెందుకు మూసుకోడం?"

పెదబాబు పక్కనున్న కర్రని ఇంకాస్త దూరంగా జరిపాడు. "మెలకువగున్నాననుకుంటే దించీసి నడిపిస్తావని."

జగ్గయ్య మొదటిసారి తమ్ముడి వైపు తిరిగాడు. "అంటే... తీర్థం కాడ్నించి ఇంటిదాకా మెలకువగుండే మోయించీసేవా!"

"రాత్రి సీకటి. బయమేసింది."

"నా బుజం వారం రోజులు పైకి నెగనేదురా, దొంగ సచ్చినోడా!" అని జగ్గయ్య పకపకా నవ్వేశాడు. గొడ్డలి ఒళ్ళోంచి జారి అరుగు మీద పడింది.

పెదబాబే దాన్ని తీసి అన్న చేతికిచ్చాడు. "ఎలాగూ తెచ్చేవు. సాల మీదకొచ్చిన కొమ్మొక్కటీ కొట్టీ. ఆ రేకు సంగతి నాను సూస్తాను."

"సెట్టు?"

"సెట్టేటి సేసింది నిన్ను?"

ఇద్దరూ మళ్ళీ దండమా దుమ్మా అని వాదించుకుంటూ వీధిలోకి నడిచారు. గలీబులు బల్ల మీదే ఉండిపోయాయి.

అచ్చియ్యమ్మ చెంబెత్తి నీళ్ళు తాగింది. గొంతు పూర్తిగా పోయింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. ఆగకూడనిది పాటా, లేవకూడనిది మనిషా?" అని అడిగింది ఇందు.

ఆవిడ కోడలి వైపు చూసి, బొంగురుగా, "ఆ దారపుండ అందుకో" అంది.

మర్నాడు ఇందు కంప్యూటర్ అడిగిన ప్రతి ప్రశ్నా చదివి, తీగ కదలకుండా చేత్తో పట్టుకుని ఆ కథని మొత్తం ఎక్కించింది. సాయంత్రానికి అన్నదమ్ములిద్దరూ పళ్ళెం నిండా పనస తొనలతో దిగారు.

"అమ్మా ఇందూ, ఆ ఏనుగు కాడికి ఎట్టు. దండమో దుమ్మో తేలిపోవాల" అన్నాడు జగ్గయ్య.

"ఏనుగు కాడికా?" అచ్చియ్యమ్మ బొంగురుగొంతుతోనే కసిరింది. "మొదల్నించి!"

మొదల్నుంచే విన్నారు. మావటివాడు అడవి చేరాడు. పొద కదిలింది. ఏనుగు బయటికొచ్చింది. అందరూ ముందుకి వంగారు.

"తొండమెత్తి తుమ్మెనమ్మా, రాజుగారి ఏనుగూ..."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తుమ్మడమేటిరా?" అన్నాడు జగ్గయ్య.

"ఈడు తప్పు పాడీసేడన్నియ్యా."

"మరే. ఈడికేటి తెల్సు" అని జగ్గయ్య తమ్ముడి చేతిలో పెద్ద తొన పెట్టాడు.