వెనక సీట్లో కూర్చుందని చెప్పాం

ఉదయం ఏడు పదికి మా అమ్మాయి సింధు కోరుట్లలో మా ఇంటి ముందు కారు అద్దం తుడిచింది. అది రోజూ చేసే పనే. మా ఆయన గల్ఫ్ నుంచి వచ్చి కొన్న పాత కారు అది. మరుసటి ఏడే ఆయన గుండెపోటుతో పోయారు. నాకు డ్రైవింగ్ రాదు. సింధుకు పదిహేడేళ్లు. సిరిసిల్లలో ఉండే నా తమ్ముడు రమేష్ ఆమెకు నేర్పాడు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో మా వైపు పిల్లలే కారు తీస్తారు. ఎవరూ తప్పనుకోరు. నేనూ అనుకోలేదు.

ఆ రోజు తమ్ముడి ఇంటికి బయలుదేరాం. కొడిమ్యాల దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు.

"మెల్లగ పో బిడ్డా."

"ట్రాక్టర్లు సుత మనల దాటి పోతున్నయ్ అమ్మా. ఇంకెంత మెల్లగ పోవాలె?"

ఎదురుగా లారీ వచ్చింది. రాళ్లను తప్పించబోయి కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. నాకేం కాలేదు, సింధు చెయ్యి వాచింది. ఆమె బెల్టు పెట్టుకోలేదు, నేను పెట్టుకోమని చెప్పలేదు.

తమ్ముడికి ఫోన్ చేసి, ఆమెను ఆటోలో జగిత్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. తమ్ముడు సిరిసిల్ల నుంచి వచ్చి నన్ను గేటు దగ్గరే ఆపాడు.

"అక్కా, పిల్లకు లైసెన్స్ లేదు. ఆమె నడిపిందంటే ఇన్సూరెన్సోళ్లు పైస ఇయ్యరు. నేనే నడిపిన, పిల్ల వెనక కూసున్నది అని చెప్త. నువ్వేం మాట్లాడకు."

"డాక్టరుకు సుతనా?"

"అందరికీ ఒకటే మాట చెప్పాలె."

లోపల డాక్టరు "అమ్మాయి ఎక్కడ కూర్చుంది?" అని అడిగారు. తమ్ముడు "వెనక సీట్ల సార్" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఎక్స్‌రేలో మణికట్టు ఫ్రాక్చర్ తేలింది, కట్టు వేశారు. కడుపు కొంచెం నొప్పి అంటే అల్ట్రాసౌండ్ తీశారు. ఏమీ కనపడలేదు. ఇంటికి పంపారు.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. మళ్లీ వెళ్తే మందుల వల్ల గ్యాస్ట్రైటిస్, అంటే కడుపులో పుండులాంటి మంట కావచ్చన్నారు. ఇంజెక్షన్ ఇచ్చారు, తగ్గలేదు. నొప్పి వీపులోకి పాకింది. జ్వరం వచ్చింది. మూడో రోజు మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరు ఆమె పొట్ట చూశారు. పక్కటెముకల కింద అడ్డంగా నల్లగా కమిలి ఉంది.

"వెనక సీట్లో ఉంటే ఇక్కడ ఇట్లా దెబ్బ ఎందుకు తగులుతుంది? అమ్మా, బండి ఎవరు నడిపారు?"

నేను తమ్ముడి ముఖం చూశాను. నేను నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి సింధు అంది: "నేనే నడిపిన సార్. స్టీరింగ్ గుద్దుకుంది."

సీటీ స్కాన్ తీశారు. "పొట్ట వెనక ఉండే పాంక్రియాస్ గ్రంథి చిట్లింది. స్టీరింగ్ దెబ్బ అని మొదటి రోజే చెప్పి ఉంటే అప్పుడే తీయించేవాణ్ని" అన్నారు డాక్టరు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అదే రోజు హైదరాబాద్ పంపారు. ఐసీయూలో లోపలి నీరు బయటికి పోయేలా పొట్టకు డ్రెయిన్ గొట్టం వేశారు, తిండి ట్యూబ్ ద్వారా పెట్టారు. గాజు తలుపు బయట తమ్ముడు నా పక్కన నిలబడ్డాడు.

"పైసలు మిగుల్తయనుకున్న అక్కా."

"ఎవలికి మిగుల్తయ్‌రా?" అన్నాను. అలా అడిగే హక్కు నాకూ లేదు. మా ఆయన పోయిన దుఃఖంలో డాక్టరు ముందు మాట రాలేదని అందరికీ చెప్పుకున్నాను. అది నిజం కాదు. తమ్ముడు చెప్పిన లెక్క నాకూ నచ్చింది.

డ్రెయిన్‌తోనే ఇంటికి వచ్చాం. మళ్లీ జ్వరం వచ్చి, లోపల నీరు చేరిందని ఇంకోసారి చేర్చారు. ఆ తర్వాత నెమ్మదిగా కోలుకుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వెనక్కి తీసుకున్నాం. ఇప్పుడు సింధు బస్సులో జగిత్యాల కాలేజీకి పోతుంది. నూనె లేని కూర కొంచెం కొంచెంగా తింటుంది. ఆ మూడు రోజుల గురించి నన్ను ఒక్కసారీ అడగలేదు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. ప్రమాదం జరిగితే ఎవరు నడిపారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, దెబ్బ ఎక్కడ తగిలింది అన్నది డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇన్సూరెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

డాక్టరు ఏదైనా అడిగితే నేను ఇప్పుడు ఎవరి ముఖమూ చూడను.