ఆంటీయే ప్రెసిడెంట్ కావాలని నేనెందుకన్నాను

మా వీధి చివరింటి ఆంటీ పోయారు. పెర్త్‌లో ఉండే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఇంక లేదు" అని ఒక్క మాట చెప్పి ఏడ్చేసింది. నేనప్పుడు ఆఫీసుకు వెళ్తూ మేముండే టార్నీట్ స్టేషన్లో ఉన్నాను. సిటీకి వెళ్ళే ట్రైను వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంటికి తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాను. ఆవిడ గుండె సంగతి తెలుసు. తెలిసినా ఇంత త్వరగా అనుకోలేదు.

మధ్యాహ్నానికల్లా మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పోస్టు వచ్చింది. ఆంటీ ఫొటో, చుట్టూ కంప్యూటర్లో చేసిన పూలదండ, కింద "మన సంఘానికి తల్లి లాంటివారు, పెద్ద దిక్కును కోల్పోయాం" అని రాసి ఉంది. పెట్టింది అధ్యక్షుడుగారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. తల్లి లాంటివారట. ఆ తల్లిని ఒక దీపం వెలిగించనివ్వడానికి మీకు మనసొప్పలేదు కదా అని టైపు చేశాను. మా ఆయన ఫోను లాక్కుని, "ఇవాళ వద్దు" అన్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. గ్రూపులో పెడితే ఎలాగూ తీసేస్తారు.

విషయం ఏమిటంటే, ఆంటీ ఒకసారి మా సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఆవిడ పేరు ప్రతిపాదించింది నేనే. ఎందుకు ప్రతిపాదిస్తున్నానో చెప్పమని సభలో మైకు ఇచ్చి, నేను గొంతు సవరించుకునేలోపే "లంచ్ చల్లారిపోతోందమ్మా, క్లుప్తంగా" అని తీసేసుకున్నారు. ఆ రోజు చెప్పనివ్వని మాటలే ఇవి.

ఆంటీది తెనాలి వైపు. ఇక్కడ ఆస్పత్రి ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. మేము ఈ వీధికి వచ్చేటప్పటికే అంకుల్ లేరు. నేత చీర మీద స్వెటరు, కాళ్ళకి వాకింగ్ షూలు, అదీ ఆవిడ వేషం. చలి మొదలవగానే కరివేపాకు కుండీని చంటిపిల్లని తెచ్చుకున్నట్టు గరాజ్‌లోకి తెచ్చుకునేవారు. కారు ఎంత నెమ్మదిగా నడిపేవారంటే వెనక హారన్లు మోగేవి. "అంత తొందరున్నవాడు నిన్ననే బయల్దేరాల్సింది" అని ఇంకా నెమ్మది చేసేవారు. నా పప్పుచారుని హాస్పిటల్ సూప్ అనేవారు. నోరు ఊరుకునేది కాదు.

ఎవరింట్లోనైనా కష్టం వచ్చిందంటే ఆంటీ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి సింకులో గిన్నెలు తోమడం మొదలుపెట్టేవారు. "కూర్చుని ఓదార్చేవాళ్ళు బోలెడుమంది వస్తారు. అంట్లెవరు తోముతారు?" అనేవారు.

మా అమ్మ ఖమ్మం నుంచి విజిట్ మీద వచ్చి ఇక్కడే పోయింది. సంఘానికి ఫోన్ చేస్తే, "చాలా బాధాకరం అమ్మా, గ్రూపులో పోస్టు పెడతాం" అన్నారు. పెట్టారు కూడా. ఇక్కడ అంత్యక్రియలు జరిపే సంస్థవాళ్ళు, మీ పద్ధతిలో స్నానం చేయించి బట్టలు కట్టండని ఒక గది ఇస్తారు. నాకే పద్ధతి తెలుసు? నేను అప్పటిదాకా శవాన్ని ముట్టుకుని ఎరగను. ఆంటీకి నేను చెప్పలేదు. ఆవిడే తెలుసుకుని వచ్చారు. కారు డిక్కీలో ఆవిడకి ఎప్పుడూ ఒక సంచీ ఉండేది. అందులో పసుపు, కుంకుమ, నువ్వులనూనె, కొత్త తువ్వాళ్ళు, పిన్నీసులు.

నేను గోడకి అతుక్కుని నిలబడిపోయాను. ఆంటీ స్వెటరు చేతులు పైకి మడిచి, అమ్మ చెయ్యి పట్టుకుని, "వదినా, నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి. కాస్త ఓర్చుకోండి" అన్నారు. స్నానం చేయిస్తున్నంతసేపూ అమ్మతో మాట్లాడుతూనే ఉన్నారు.

"ఈ చెయ్యి ఇటివ్వండి. ఆఁ, అంతే. మీ అమ్మాయి భయపడి చస్తోంది, ఏం లేదని చెప్పండి."

పడుకుని ఉన్న మనిషికి చీర ఎలా కట్టాలో నా చేత చేయించారు. కుచ్చిళ్ళు ముందే విడిగా మడిచి పిన్ను పెట్టి, తర్వాత నడుము దగ్గర దోపాలి. నేను పెట్టిన కుచ్చిళ్ళు వంకరపోయాయి.

"అలా మొక్కుబడిగా కట్టకు," అన్నారు ఆంటీ. "ఆవిడ నీకు జడ అలాగే వేసిందా?"

నాకు నవ్వొచ్చింది. మా అమ్మ పక్కన నిలబడి, కళ్ళ నిండా నీళ్ళతో నవ్వాను. మళ్ళీ మొదటి నుంచి కుచ్చిళ్ళు పెట్టాను. ఈసారి అమ్మ కట్టుకున్నట్టే వచ్చాయి. ఆ పూట నన్ను నిలబెట్టిన మనిషిని ప్రెసిడెంటుగా చూడాలనుకోవడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేదు.

అడిగేవాళ్ళకి ఇంకోటి కూడా ఉంది. మొగుడు చెయ్యి చేసుకుంటున్నాడని ఒక పిల్ల బట్టల సంచీతో రోడ్డున పడితే, మా సంఘం పెద్దలు "ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం" అన్నారు. ఆంటీ ఆ పిల్లని పోలీస్ స్టేషనుకు తీసుకెళ్ళి, తర్వాత తన ఇంట్లో గది ఇచ్చారు. "మాట్లాడేది ఎప్పుడైనా మాట్లాడొచ్చు. ముందు ఆ పిల్ల భయం లేకుండా నిద్రపోవాలి" అన్నారు. సంసారాలు కూలుస్తోందని ఆవిడ మీద ఒక మాట కూడా ప్రచారమైంది. ఆ మాట పుట్టించినవాళ్ళే మొన్న దండాల బొమ్మలు పెట్టినవాళ్ళు.

మా సంఘంలో ఎన్నికలు ఉండేవి కావు. ఏకగ్రీవం అనే గొప్ప సంప్రదాయం ఉంది. ఎవరో ఒకరి పెరట్లో పెద్దలు చేరి, బార్బెక్యూ మీద చికెన్ కాలుతుండగా తర్వాతి ప్రెసిడెంట్ ఎవరో తేల్చేస్తారు. ఆడవాళ్ళు లోపల రైతా కలుపుతుంటారు. సర్వసభ్య సమావేశం రోజున ఒకరు ప్రతిపాదిస్తారు, ఒకరు బలపరుస్తారు, అందరూ చప్పట్లు కొట్టి భోజనాలకు లేస్తారు. అలాంటి చోట ఆంటీ నామినేషన్ వేశారు. పెరట్లో తేలిన పేరు ఇప్పటి అధ్యక్షుడుగారిది. ఎన్నిక పెట్టాలంటే బ్యాలెట్ పెట్టె కూడా లేదు.

అధ్యక్షుడు కాబోతున్నాయన భార్యని వెంటబెట్టుకుని, స్వీట్ల డబ్బాతో ఆంటీ ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"అక్కయ్యగారూ, మీరంటే మా అందరికీ ఎంత రెస్పెక్టో మీకు తెలుసు. పోటీ ఎందుకు, నేనే విత్‌డ్రా అవుతాను. మీరే ఏకగ్రీవంగా ప్రెసిడెంట్. కాకపోతే ఒక చిన్న రిక్వెస్ట్."

"చెప్పు తమ్ముడూ."

"ఉగాది ఫంక్షన్లో ప్రెసిడెంట్ జ్యోతి వెలిగించాలి కదా. అదొక్కటీ మా దంపతుల చేత చేయిద్దాం. మీరు పక్కనే ఉండండి, ఫొటోలో కూడా ఉంటారు. నాకేం పట్టింపు లేదండీ. కొంతమందికి సెంటిమెంట్స్ ఉంటాయి."

ఆయన మాట మింగేశారు కానీ, అందులోది అందరికీ అర్థమైంది. మొగుడు పోయిన ఆడది శుభమా అని సంవత్సరం మొదలవుతుంటే దీపం ముట్టుకోకూడదని.

"ఆ కొంతమంది ఎవరో చెప్పు, నేను ఫోన్ చేసి మాట్లాడతాను" అన్నారు ఆంటీ. ఆయన డబ్బా మీది దారం సర్దారు. "మీ అమ్మగారు పోయినప్పుడు నన్ను పిలిచింది నువ్వే కదయ్యా. నేను స్నానం చేయిస్తుంటే నీ భార్య నీళ్ళు పోసింది. ఆ రోజు ఎవరి సెంటిమెంటూ అడ్డు రాలేదే?"

"అలా తీసుకోకండి అక్కయ్యగారూ. అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరో చెప్పు. చావుకి పనికొచ్చే చెయ్యి దీపానికి ఎందుకు పనికిరాదో చెప్తే, ఇప్పుడే నామినేషన్ వెనక్కి తీసుకుంటాను."

ఆయన డబ్బా బల్ల మీద పెట్టేశారు. ఆయన భార్య తలెత్తలేదు. ఆంటీయే అన్నారు: "కుర్చీ నేనేం చేసుకోను తమ్ముడూ? మోకాళ్ళ నొప్పులు. ఆ దీపం కోసమే నిలబడ్డాను. నా తర్వాత ఈ ఊళ్ళో మొగుడు పోయిన ఏ పిల్లకీ ఈ మాట చెప్పడానికి మీకు నోరు రాకూడదు."

ఇంటికొచ్చి చెప్తే, ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి ఎంతసేపటికీ బోధపడలేదు. "బట్ ఇట్స్ జస్ట్ ఎ ల్యాంప్" అంది. అదే తల్లీ, నాకూ అంతే అర్థమైంది అన్నాను.

సమావేశం రోజున బ్యాలెట్ పెట్టె లేదు కాబట్టి చేతులెత్తమన్నారు. అసలు కిటుకు అది కాదు. మా సంఘంలో సభ్యత్వం కుటుంబానికి ఒకటి. అంటే ఇంటికి ఒక చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ అడగరు. హాలు నిండా ఆంటీ దగ్గరుండి పురుడు చూసుకున్న తల్లులున్నారు, ఆంటీ చేత జ్వరానికి జావ కాయించుకున్నవాళ్ళున్నారు. వాళ్ళంతా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్న మొగుళ్ళ చేతులు లేచాయి. మా ఆయన మాత్రం రెండు చేతులూ కట్టుకుని, "మా ఇంటి చెయ్యి ఈవిడదండీ" అన్నాడు. కొందరు నవ్వారు. నా చెయ్యి ఎత్తాను. నాతో పాటు ఇంకొన్ని లేచాయి, సరిపోలేదు. ఆంటీ తన చెయ్యి తనే ఎత్తుకున్నారు. ఆవిడ ఇంటికి వేరే చెయ్యి లేదు మరి.

తిరిగి వస్తూ కార్లో, "పోనీలెండి ఆంటీ" అన్నాను.

"పోనివ్వను. నాకు కోపంగా ఉంది. కోపంగా ఉన్నప్పుడు పోనీలే అంటే అరగదు నాకు."

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక ఇంట్లో పెద్దావిడ పోయింది. ఆ ఇంటి చెయ్యి ఆంటీకి వ్యతిరేకంగా లేచిందని నేను కళ్ళారా చూశాను. ఆంటీ సంచీ తీసుకుని బయల్దేరారు. నేను గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డాను. ఎందుకు వెళ్తున్నారు, ఇప్పుడు ఆ అధ్యక్ష దంపతుల్ని పిలుచుకోమనండి అన్నాను.

"ఓటెయ్యలేదని శవాన్ని వదిలేస్తామా? తప్పుకో, కారు తియ్యాలి" అన్నారు. నాకు ఇప్పటికీ ఆ విషయంలో ఆవిడ మీద కోపమే. వెళ్ళకుండా ఉండాల్సింది. ఒక్కసారి ఆవిడ లేకపోతే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియాల్సింది. ఆంటీ నా అంత చిన్న మనసు మనిషి కారు, అంతే.

ఆంటీని నేనూ, పెర్త్ నుంచి వచ్చిన వాళ్ళమ్మాయీ కలిసి సాగనంపాం. కుచ్చిళ్ళు నేనే పెట్టాను. "ఆంటీ, ఈ చెయ్యి ఇటివ్వండి" అని అడిగి మరీ కట్టాను.

మొన్న ఆదివారం సంఘంవాళ్ళు సంతాప సభ పెట్టారు. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. వేదిక మీద ఆంటీ ఫొటో, ముందు ఇత్తడి దీపపు కుంది. కార్యదర్శి మైకు పట్టుకుని, "చిత్రపటం ముందు జ్యోతి ప్రజ్వలనకు అధ్యక్ష దంపతులను సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అన్నాడు. ఆవిడ ఫొటో ముందు వెలిగించే దీపానికి కూడా దంపతులే కావాలి వీళ్ళకి. పళ్ళు పటపటలాడించాను. ఇంక ఊరుకునేది లేదని కుర్చీలోంచి లేచాను.

నేను నోరు తెరిచేలోపు అధ్యక్షుడుగారి భార్య వేదిక ఎక్కారు. ఆయన వెలిగించి ఇచ్చిన కొవ్వొత్తి చేతిలోకి తీసుకున్నారు. కుంది వైపు వంగలేదు. ఆయన పక్కనుంచి, "కానియ్యి, కానియ్యి" అంటున్నారు. ఆవిడ మెల్లిగా జనం వైపు తిరిగారు. మైకు లేదు, అయినా అందరికీ వినపడింది.

"మా అత్తగారికి నీళ్ళు పోసిన రోజు ఈవిడ పక్కనే ఉన్నాను. చెయ్యెత్తాల్సిన రోజు ఎత్తలేదు. ఈ దీపం నేను వెలిగించను. మనలో భర్త పోయినవాళ్ళెవరైనా ఉంటే, దయచేసి రండి."

ఎవరూ కదల్లేదు. కుర్చీల్లో మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. భర్త పోయినవాళ్ళు, నాకు తెలిసినవాళ్ళే ఇద్దరు ముగ్గురు తలలు వంచుకున్నారు. చిట్టచివరి వరసలో, కొడుకు దగ్గరికి విజిట్ మీద వచ్చిన ఎవరి తల్లో, పేరు కూడా తెలియని పెద్దావిడ, మెల్లగా లేచింది. కొడుకు చెయ్యి పట్టుకుని ఆపబోయాడు, విడిపించుకుంది. ఒక్కో కుర్చీ వీపు పట్టుకుంటూ, ఆ పొడవాటి హాలు మధ్యలోంచి నడుచుకుంటూ వస్తోంది. వేదిక మీద కొవ్వొత్తి కరిగి అధ్యక్షుడుగారి భార్య వేళ్ళ మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఆవిడ చెయ్యి మార్చుకోలేదు.