పియర్‌కి పూసిన పసుపు

బావమరిది మాట విని బాగుపడినవాడు మా వంశంలో లేడు. ఆ సంగతి తెలిసి కూడా కొత్త చెక్క పలకకి పసుపు పూసిన తెలివి నాది.

సముద్రం లేని మా డబ్లిన్ నుంచి కొండలు దాటి వెళ్తే సముద్రతీరంలో ఒక పాత చెక్క పియర్, అంటే నీళ్ళలోకి చొచ్చుకెళ్ళే వంతెనలాంటి రేవు, ఉంది. రైలు రాని కాలంలో ఆవిరి ఓడలు దాని పక్కన ఆగి కలప, బంగాళాదుంపలు ఎక్కించుకునేవట. తర్వాత గొడుగులు పట్టుకున్న దొరసానులు దానిమీద షికారు చేశారు. ఆ తర్వాత తుఫాను చేసింది షికారు. కొస కాస్తా విరిగిపోయింది. దాన్ని బాగుచేసే వాలంటీర్లలో నేనూ చేరాను. చలికాలమంతా ప్రతి శనివారం సుత్తి పట్టాను. దెబ్బలు సగం మేకుకి, సగం వేలికి.

మా మేస్త్రి, వడ్రంగం నేర్పి రిటైరైన ఒక టీచరమ్మ. చివరి పలక నన్నే బిగించమంది. ఆఫీసులో ప్రమోషన్‌కి కూడా అంత పొంగలేదు నేను. ఆ పొంగులోనే, ముందురోజు సాయంత్రం పలక చూపించడానికి బావమరిదిని వెంటబెట్టుకెళ్ళాను.

"కొత్త కారుకి పెట్టావు, కొత్తింటి గడపకి పెట్టావు. దీనికేం తక్కువ బావా?"

"ఇక్కడ పసుపెక్కడిదిరా?"

"డిక్కీలో గ్రోసరీ ఉందిగా! నీళ్ళతో కలిపితే కారిపోతుంది, నువ్వుల నూనెతో కలుపు. బాగా పడుతుంది."

బాగానే పట్టింది.

ఆ పలకలకి రంగు తగలకూడదు. ఉప్పుగాలికి వాటంతటవే బూడిదరంగు తిరిగి పాతవాటిలో కలిసిపోవాలి. మర్నాడు టీచరమ్మ సాండ్‌పేపర్‌తో రుద్దింది. పేపర్ అరిగింది గానీ పసుపు చెక్కు చెదరలేదు. ఈలోగా బావమరిది ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటో పెట్టేశాడు: 'పియర్‌ని పెళ్ళికూతుర్ని చేసిన మా బావ.' ఇక చూడండి, చెక్కభజన! ముహూర్తం ఎప్పుడని మా పిన్ని అడిగింది.

సుత్తి పోయినట్టేనని మెల్లగా చెక్కేయబోయాను. "ఎందుకు పూశావు?" అంది టీచరమ్మ. కొత్త వస్తువు చల్లగా ఉండాలని, మా ఆచారమని చెప్పాను. ఆవిడ పలకని బోర్లా తిప్పింది. "కిందికైతే ఎండ తగలదు, రంగు నిలుస్తుంది. సముద్రం చూసుకుంటుందిలే" అని సుత్తి నా చేతిలో పెట్టింది. ఆ రోజు ఒక్క దెబ్బ కూడా వేలికి తగల్లేదు.

పియర్ తెరిచిన రోజున బావమరిది సరిగ్గా ఆ పలకమీదే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ నా పసుపు కథ వినిపించడం మొదలుపెట్టాడు. నేను టీచరమ్మని పిలుచుకొచ్చాను.

"పసుపు ఐడియా ఈయనదే. మహా ఉత్సాహవంతుడు. కింద స్తంభాలకి పట్టిన గుల్లలు గీకడానికి మనిషి కావాలన్నారుగా?"

ఆవిడ అక్కడికక్కడే గ్లవ్స్ ఇచ్చింది. చుట్టూ జనం చప్పట్లు.

"బావా, శనివారం నాకు మీటింగ్ ఉంది!"

"ఉంది కదరా, ఇక్కడే."

ఇప్పుడు శనివారాలు నేను పైన కూర్చుని కాఫీ తాగుతాను. వాడు కింద పడవలో నిలబడి గుల్లలు గీకుతాడు. తలెత్తితే నా పసుపే.